పక్కకి కొట్టే సూది

కాటన్‌వుడ్ వాగు, మోంటానా
1996 జనవరి 14

మారిట్‌కి,

నీ ఉత్తరం అందింది. అందులో ముప్పాతిక ఫిర్యాదులు, చివర్లో నాలుగు ముక్కలు నా ఆరోగ్యం గురించి. నా ఆరోగ్యం కూడా నాలుగు ముక్కలకి సరిపోయేంతే ఉంది కాబట్టి పాళ్ళు సరిగ్గానే కలిపావు. రెండు కళ్ళకీ పొర కమ్మింది. ఏప్రిల్లో ఒక కన్ను కోయిస్తానని మీ బాబాయి హార్లన్ అంటున్నాడు. ఈ అక్షరాలు నీకు ఆంబోతుల్లా కనిపిస్తే కారణం అదే. ఫోన్ మాత్రం చేయకు. ఫోన్ మీ బాబాయి వంటింట్లో ఉంది. నువ్వు చెప్పేదాంట్లో సగమే నా చెవిన పడుతుంది, మిగతా సగం వాడి చెవిన పడుతుంది.

ఇక అసలు సంగతి. తాతయ్య తూటాల ఇత్తడి డొల్లలు తాతయ్య రైఫిల్లోనే దూరడం లేదంటావు. మీ తాతయ్య బతికినన్నాళ్ళూ ఆయన కాల్చాడు, నేను నింపాను. పోటీల్లో అందరూ ఆస్మండ్ గురి, ఆస్మండ్ గురి అని మెచ్చుకునేవాళ్ళు. అందులో సగం నా వంటింటి బల్ల మీద తయారయిందని ఒక్కడూ అనలేదు. కెమిస్ట్రీ టీచర్ని కట్టుకున్నందుకు ఆయనకి కలిసొచ్చింది అదొక్కటే. కాబట్టి ఈ విషయంలో నాతో వాదించకు. ఏ తుపాకీలో పేలితే ఆ తుపాకీ కడుపు కొలతకి, తూటా కూర్చునే ఆ గది కొలతకి, ఇత్తడి ఉబ్బుతుంది. అందుకే మనం డొల్లల్ని మళ్ళీ నొక్కి కుదించం. అవి ఆ తుపాకీకే పుట్టినట్టు అమరుతాయి. దూరడం లేదంటే నీ తుపాకీ కడుపులో మసి పేరుకుంది. వేణ్ణీళ్ళతో కడిగి, తుడిచి, మళ్ళీ చూడు.

మిగతాది వందసార్లు చెప్పాను, ఇంకోసారి చెప్తాను. నల్ల తుపాకీమందుని డొల్లలోకి గుప్పున పోయకు. పొడుగాటి గొట్టంలోంచి సన్నని ధారగా జార్చు. గింజ మీద గింజ సర్దుకుని కూర్చోవాలి. పైన అట్టబిళ్ళ పెట్టి, నొక్కి, దాని మీద గుండు పెట్టు. మందుకీ గుండుకీ మధ్య ఖాళీ ఉండకూడదు. ఖాళీ ఉంటే పగిలేది గురికోసం దూరాన నిలబెట్టిన ఇనప దున్న కాదు, నీ మొహం ముందున్న ఇనుము. పొగరాని కొత్తరకం మందు ఆ బల్ల దరిదాపులకి కూడా రానీయకు. గుండు చుట్టూ ఉండే గాడుల్లో రాసే కొవ్వు పంపుతున్నాను, తేనెమైనం, గొర్రెకొవ్వు కలిపి కాచింది. తాతయ్య అచ్చులో నేను సీసం పోసి చేసిన గుండ్లు కూడా అదే పెట్టెలో ఉన్నాయి. కాల్చిన ప్రతిసారీ తుపాకీ గొట్టంలోకి నోటితో నిండుగా ఊపిరి ఊదు. మసి మెత్తబడేది ఆ తడికే. మీ తాతయ్య నాతో మాట్లాడినదానికన్నా ఆ గొట్టంలోకి ఊదిందే ఎక్కువ.

జూన్ పోటీలో ఆయన చోటు ఈ ఒక్క ఏడాదే ఖాళీగా ఉంచుతారు, ఆయన తుపాకీ పట్టుకుని వచ్చే ఇంటిమనిషి కోసం. ఆస్పత్రి మంచం మీద "తుపాకీ మారిట్‌ది" అన్నాడు, హార్లన్ ఎదురుగానే అన్నాడు. ఆ చోట నిలబడి గాలిలోకి పొగ వదిలి వచ్చావంటే నేను నీకేమీ కానని ఊరంతా చెప్పుకుంటాను.

మీ నాన్నమ్మ
ఆల్వినా


జిలెట్, వయోమింగ్
ఫిబ్రవరి 11

నాన్నమ్మా,

కడిగాను. వేణ్ణీళ్ళతో, సబ్బునీళ్ళతో, ఆఖరికి గనిలో యంత్రాలు కడిగే ద్రావకంతో కూడా కడిగాను. కడుపు అద్దంలా ఉంది. తాతయ్య డొల్లలు సగం దాకా వెళ్ళి ఆగిపోతున్నాయి. బొటనవేలితో బలంగా తోస్తే కొన్ని దూరాయి. వాటిని నువ్వు చెప్పినట్టే నింపాను. రెండు వందల గజాల్లో కాగితం మీద గుండ్లు ఒకదానికొకటి ముఖం చూపించుకోవడం లేదు. ఒకటి పైన, ఒకటి గడ్డిలో, ఒకటి ఎక్కడికి పోయిందో దానికే తెలియాలి. ఊపిరి ఊదీ ఊదీ కళ్ళు తిరిగాయి.

ఒక మాట అడుగుతాను, కోప్పడకు. నువ్వు పంపినవి నిజంగా తాతయ్య డొల్లలేనా? మంచివి బాబాయికి ఉంచి, వాడేసినవి నాకు పంపలేదు కదా? నాకు రావలసినదాని మీద నాకు ఆశ ఎక్కువని అనుకుంటున్నావేమో. బాబాయి క్రిస్మస్‌కి ఫోన్ చేసినప్పుడు నవ్వుతూనే అన్నాడు, "మీ నాన్నమ్మేమో, ఆ పిల్ల చేతులు బొగ్గు లారీ తిప్పడానికి పనికొస్తాయి గానీ గురికి పనికిరావు అంటోందే" అని. నువ్వలా అనుకుంటే నాకే రాయొచ్చు. ఇంటి అంత ఎత్తున్న లారీని రోజూ లోయ అంచున వెనక్కి నడిపి నిలబెడతాను. నా చేతులకి వణుకు లేదు.

అక్టోబర్లో బాబాయి ఈ తుపాకీని దుప్పటిలో చుట్టి తెచ్చి ఇచ్చిన రోజు, దాని కర్ర మీద ఆ ముళ్ళతీగ గీత చూసి గుమ్మంలోనే కూర్చుండిపోయాను. చిన్నప్పుడు కంచె దాటుతూ ఆ గీత పెట్టింది నేనే. తాతయ్య తిట్టలేదు, "ఇప్పుడు దీని మీద నీ సంతకం ఉంది" అన్నాడు. నాకు కావాల్సింది ఆ చోట నిలబడి ఒక్కసారి ఆ దున్నని మోగించడం. అంతకంటే ఇంకేమీ అడగడం లేదు.

మారిట్


కాటన్‌వుడ్ వాగు
మార్చి 10

మారిట్ దొరసానికి,

వాడేసిన డొల్లలు పంపానా? అవును, వాడేసినవే. తాతయ్య వాడేశాడు, పోయాడు. కొత్తవి కావాలంటే దుకాణంలో దొరుకుతాయి, వాటికి తాతయ్య ఉండడు.

నీ చేతుల గురించి నేనేమీ అనలేదు. అనాలనుకుంటే తపాలా బిళ్ళ ఖర్చు పెట్టుకుని నేనే అంటానని నీకీపాటికి తెలిసుండాలి. వాడు నాకు చెప్పిందేమిటో విను. "అమ్మా, మారిట్ ఏమంటోందో తెలుసా, నాన్నమ్మకి కళ్ళు పోయాయి, ఆవిడ కొలతలు నమ్మితే కొంప మునుగుతుంది అంటోంది." నేను పళ్ళూడిన సింహాన్నని నీకు అనిపిస్తే నువ్వూ నాకే రాయొచ్చు. తుపాకీమందు తూచేటప్పుడు త్రాసు ముల్లుని భూతద్దంతో చూస్తున్నాను, ఒక్క గింజ ఎక్కువైతే చిన్న పట్టకారుతో తీస్తున్నాను. నా కళ్ళు పోయాయేమో గానీ నా త్రాసు పోలేదు.

తప్పు నీ తొందరలో ఉంది. మీ తరానికి మీట నొక్కితే వెలగాలి. సీసం కరిగాక పైన తేలే మడ్డిని కలపకుండా, చూస్తూ కూర్చుని తీసేసే ఓపిక నీకు ఎప్పుడూ లేదు. ఆ ఓపిక మీ నాన్నకుండేది. వాడు బతికుంటే ఈ ఉత్తరాలు వాడికే రాసేదాన్ని, ఇంత సిరా పట్టేది కాదు.

ఇక్కడ మాత్రం అంతా సవ్యంగానే ఉంది. హార్లన్ డొల్లలు కూడా నేనే కడుగుతున్నాను, నేనే నింపుతున్నాను. ఈ ఏడు వాడి గుండ్లన్నీ ఒకే చోట దూరుతున్నాయట, ఈల వేసుకుంటూ తిరుగుతున్నాడు. ఎప్పుడూ లేనిది, తన అచ్చు పక్కన పడేసి నాన్న అచ్చులో పోసిన గుండ్లే కావాలంటున్నాడు. అదే అమ్మ, అదే బల్ల, అదే మందు. వాడికి తగులుతుంటే నీకెందుకు తగలడం లేదు?

నువ్వు కాల్చిన డొల్లలు కొన్ని పంపించు. కాల్చిన రోజే సబ్బునీళ్ళలో వేసి కడిగి పంపు. మసి అలాగే వదిలేస్తే ఇత్తడిని తినేస్తుంది. కన్ను కోశాక చూసి, నువ్వు చేసే తప్పేమిటో అప్పుడే రాస్తాను.

ఇంకా మీ నాన్నమ్మనే
ఆల్వినా


జిలెట్
ఏప్రిల్ 7

నాన్నమ్మా,

నీకు కళ్ళు పోయాయని నేను ఎవరితోనూ అనలేదు. బాబాయితో నేను అన్నది, "నాన్నమ్మ కళ్ళు ఎలా ఉన్నాయి?" అని. అంతే. నువ్వు నమ్మినా నమ్మకపోయినా ఇంక ఈ విషయం రాయను.

నాన్న పేరు ఎత్తకుండా ఉండాల్సింది. ఆ ఉత్తరం రెండు రోజులు లారీలో నా సీటు పక్కనే ఉంది. చించేద్దామనుకున్నాను. నువ్వు మడ్డి అన్నావు కదా, అందుకని చూస్తూ కూర్చున్నాను.

నేను కాల్చిన డొల్లలు పంపుతున్నాను. కాల్చిన రోజే కడిగాను. ఇవి కొత్తవి, దుకాణంలో కొన్నవి, ఈ తుపాకీలోనే మొదటిసారి పేలినవి. తమాషా ఏమిటంటే ఇవి మళ్ళీ ఈ తుపాకీలోకి వెన్నలా జారుతున్నాయి. తాతయ్యవి మాత్రం మొరాయిస్తూనే ఉన్నాయి. వీటితో కూడా గురి కుదరలేదు. గుండు దీని గొట్టానికి లావయిందేమోనని గనిలో నాతో పనిచేసే టొబియాస్ అంటున్నాడు. అతనికీ ఈ పిచ్చి ఉంది. నాన్నమ్మ గుండుని అనడానికి నువ్వెవడివి అని అతని మీద ఎగిరాను.

ఇంకొకటి. కడుగుతుంటే కనపడింది. దూరక మిగిలిన తాతయ్య డొల్లలన్నిటికీ వెనక తుపాకీ సూది కొట్టిన గుంట నడిమధ్య లేదు, ఒక పక్కకి జరిగి ఉంది. మెల్లకన్నులా. నావాటికి సరిగ్గా మధ్యలో ఉంది. ఎందుకలా? కన్ను బాగయ్యాక చెప్పు. ఆపరేషన్ ఎలా జరిగిందో మాత్రం వెంటనే రాయి. సెలవు దొరికితే వచ్చేదాన్ని.

మారిట్


కాటన్‌వుడ్ వాగు
మే 5

నా బంగారు తల్లి మారిట్‌కి,

నాన్నమ్మ ప్రేమతో రాస్తున్నది. ఆపరేషన్ చక్కగా జరిగింది. లోకాన్ని ఎవరో కడిగి ఆరేసినట్టుంది. నా చేతుల మీద ఇన్ని ముడతలున్నాయని నాకెవరూ చెప్పలేదు. ఆస్పత్రిలో హార్లన్ నా చెయ్యి వదల్లేదు. వచ్చేటప్పుడు దారిలో ఆపి సూప్ తాగించాడు, కళ్ళద్దాలు తుడిచి పెట్టాడు. వాడు మంచివాడే తల్లీ, పైకి అలా ఉంటాడు.

నువ్వు పంపిన డొల్లలు చూశాను. ఎంత శుభ్రంగా కడిగావమ్మా, మెరుస్తున్నాయి. నీ తప్పేమీ లేదు. నీకు చాలా ఓపిక ఉంది. మీ నాన్న చూసి ఉంటే ఎంత సంతోషించేవాడో. నేను ముందు రాసిన మాటలు ముసలిదాని మాటలనుకుని వదిలెయ్యి.

సూది సంగతి అడిగావు. అదేం పెద్ద విషయం కాదు. తాతయ్య చివరి రోజుల్లో సూది మార్పించి ఉంటాడు. ఇనుము కదా, అరుగుతుంది, మారుస్తారు. దాని గురించి బుర్ర పాడుచేసుకోకు.

జూన్ పోటీకి ఇంత దూరం రావాలని కూడా లేదు. వానలకి వాగు రోడ్డు బాగా పాడయింది. నీకు సెలవు దొరకడం కష్టం కదా. తాతయ్య చోటు ఈసారికి అలా ఉండనీ. నువ్వు రాకపోతే ఎవరూ ఏమీ అనుకోరు, నేనైతే అసలే అనుకోను. బంగాళాదుంప లెఫ్సె రొట్టెలు చేసి పంపుతున్నాను, వెన్న, చక్కెర రాసుకుని తిను. చిక్కిపోయి ఉంటావు.

ఎప్పుడూ నీ మేలు కోరే
నాన్నమ్మ


జిలెట్
మే 19

నాన్నమ్మా,

రొట్టెలు అందాయి. తినలేదు.

పుట్టిన దగ్గర్నుంచి నువ్వు నన్ను ఒక్కసారి కూడా బంగారు తల్లీ అనలేదు. బడిలో లెక్కల బహుమతి తెచ్చి చూపిస్తే, "మిగతా పిల్లలు ఆ రోజు బడికి రాలేదా?" అన్నావు. నాన్నని పూడ్చిన రోజు అందరూ నన్ను పట్టుకుని ఏడుస్తుంటే నువ్వు వచ్చి, "తిండి తిని ఏడువు, లేకపోతే సగంలో పడిపోతావు" అన్నావు. నాకు ఆ ఇంట్లో ఊపిరి ఆడింది ఆ ఒక్క మాటకే. నువ్వు నన్ను తిడుతున్నంతకాలం నాకు అబద్ధం చెప్పడం లేదని తెలుసు. మే నెల ఉత్తరం చదివి భయం వేసింది. ఆపరేషన్‌లో నీకేమైనా అయిందేమో, ఆ ఉత్తరం ఎవరో రాశారేమో అనుకున్నాను. తర్వాత అర్థమైంది. స్క్రూడ్రైవర్ తెచ్చి తుపాకీ విప్పాను.

కర్ర తాతయ్యదే. లోపల ఆయన కత్తితో చెక్కుకున్న పొడి అక్షరాలు కూడా ఉన్నాయి. గొట్టం, సూది ఉన్న ఇనుము మాత్రం ఆ కర్రలో పుట్టింది కాదు. వదులుగా ఉందని సందుల్లో అట్టముక్కలు కూరి ఉన్నాయి, విత్తనాల సంచి అట్ట. ఒకే దుకాణంలో, ఒకే ఏడు, తాతయ్యా బాబాయీ ఒకేరకం తుపాకీలు కొనుక్కున్నారని మీ ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్ళు. అక్టోబర్లో బాబాయి నాకు తెచ్చి ఇచ్చింది తాతయ్య కర్ర, తన ఇనుము. నేను గీత చూసి ఏడుస్తానని అతనికి తెలుసు. ఏడ్చేవాళ్ళు సూది గుంట చూడరని కూడా తెలుసు.

నీకు కన్ను వచ్చాక మొదట చూసింది నా డొల్లలు. తర్వాత చూసింది బాబాయి డొల్లలు. మెల్లకన్ను సూది ఎవరి తుపాకీలో ఉందో నీకు తెలిసిపోయింది. తెలిసి, నాకు చక్కెర రాసిన రొట్టెలు పంపావు.

ఈ ఇనుము మీద నాకు పగ లేదు. దాని తప్పేముంది. టొబియాస్ దగ్గర వేరే అచ్చు అరువు తెచ్చుకున్నాను, కొంచెం సన్నటి గుండు. అట్టబిళ్ళ మార్చాను, మందు ఇంకాస్త నొక్కాను. ఇప్పుడు రెండు వందల గజాల్లో గుండ్లన్నీ నా అరచేత్తో కప్పేసేంత దగ్గరగా పడుతున్నాయి. నువ్వు నేర్పిన పనే, వేరే కొలతకి. పోటీకి వస్తాను. తాతయ్య చోట మాత్రం నిలబడను. ఆయన తుపాకీ నా చేతిలో లేదు, ఉందని అబద్ధం ఆడే అలవాటు నాకింకా రాలేదు. కొత్తవాళ్ళతో పాటు వరస చివర నిలబడతాను.

తాతయ్య డొల్లలు తిప్పి పంపుతున్నాను. నీ ఇంట్లో ఉన్న తుపాకీలోకి అవి తేలిగ్గా దూరతాయి.

ఆ తుపాకీ తెచ్చి ఇమ్మని అడగను. నిన్ను రెండే మాటలు రాయమంటున్నాను: హార్లన్ తీశాడు. నీ చేత్తో, నీ అక్షరాలతో. అది వచ్చేదాకా నేను ఇంకేమీ రాయను.

మారిట్


కాటన్‌వుడ్ వాగు
జూన్ 2

మారిట్,

డొల్లలు అందాయి. హార్లన్ ఎడ్ల సంతకి వెళ్ళినప్పుడు వాడి బీరువాలోంచి తుపాకీ తీసి, ఒక డొల్లని దానిలో పెట్టాను. తోయాల్సిన పని లేకుండా లోపలికి వెళ్ళిపోయింది. చాలాసేపు దాన్ని బయటికి తియ్యలేదు.

వాడు ఎందుకు చేశాడో నాకు తెలుసు. పెళ్ళీడు నుంచి నెత్తి నెరిసేదాకా నాన్న పక్కన రెండోవాడిగా నిలబడ్డాడు. మీ నాన్న పోయాక తుపాకీ తనకే వస్తుందనుకున్నాడు. తాతయ్య మంచం మీంచి నీ పేరు చెప్పినప్పుడు వాడి మొహం నేను చూడలేదు, అప్పటికే నా కళ్ళకి పొర ఉంది. అడిగి ఉంటే నువ్వే ఇచ్చి ఉండేదానివేమో. అడగడం ఈ ఇంట్లో ఎవరికీ నేర్పలేదు, అది మాత్రం నేను చేసిన పనే. ఇది వాడి తరపున వకాల్తా కాదు. పదార్థం ఎందుకు మండిందో చెప్తున్నాను, మండలేదనడం లేదు.

నువ్వు రెండు మాటలు రాయమన్నావు. వేలమంది పిల్లల తప్పుల కింద ఎర్రగీత గీశాను, ఎవరి మొహమూ చూడలేదు. ఈ కాగితం మీద ఎన్నిసార్లో కలం పెట్టాను. నేను కన్నవాడి పేరు పక్కన ఆ మాట నేను రాయలేకపోయాను. నన్ను నువ్వు ఏమన్నా పడతాను. బంగారు తల్లీ అని రాసిన ఆ ఉత్తరం పొయ్యిలో వేసెయ్యి, దాంతో కనీసం నీళ్ళు కాగుతాయి.

మంగళవారం ఒక పెట్టె తపాలా బండి ఆవిడ చేతికి ఇచ్చాను. బరువుగా ఉంటుంది, కాలి మీద వేసుకోకు. అందులో తాతయ్య అచ్చు ఉంది. మైల్స్ సిటీలో ఒక స్వీడన్ ముసలాయన తాతయ్య తుపాకీ గొట్టం కొలత తీసుకుని చెక్కినది. ఆయన పోయి చాలా కాలమైంది. నీ ఇనుముకి అది పనికిరాదు, నీకే తెలుసు. నీ దగ్గర ఉన్నంతకాలం ఇంకెవరికీ కూడా పనికిరాదు. ఇంకొకటి చెక్కించుకోవాలంటే చెక్కేవాడి ముందు తుపాకీ పెట్టి, ఇది ఫలానా ఆస్మండ్‌ది అని చెప్పాలి. ఈ చుట్టుపక్కల ఆ పని చేసేవాళ్ళందరూ మీ తాతయ్య శవపేటిక మోసినవాళ్ళే.

పోటీకి హార్లన్‌కి నింపాల్సిన తూటాలు నింపలేదు. తుపాకీమందు డబ్బా మూత తీయలేదు. నిన్న హార్లన్ వచ్చి బల్ల సొరుగులన్నీ లాగాడు.

"అమ్మా, నాన్న అచ్చేది?"

"పంపించేశాను."

"పంపించేశావా? ఎక్కడికి?"

"నాన్న తుపాకీ నువ్వు ఎక్కడ ఇచ్చొచ్చావో అక్కడికి. దానిది కాకపోతే ఇంకెవరిదిరా ఆ అచ్చు?"

నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోట్లోంచి రావాల్సినవి రెండే మాటలు, నువ్వు అడిగినవే. వాడూ చెప్పలేకపోయాడు. మారిట్ దగ్గర తుపాకీ లేదనాలంటే అది ఎక్కడుందో చెప్పాలి. టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. ఇవాళ పొద్దున నా కట్టెలు కొట్టి పెట్టలేదు. నేను కూడా అడగలేదు.

నువ్వు వరస చివరే నిలబడు. నేను వస్తాను, తపాలా ఆవిడ బండిలో తీసుకొస్తానంది. తాతయ్య ఖాళీ చోటు పక్కన నా మడతకుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఆ చోటు ఎందుకు ఖాళీగా ఉందని అడిగినవాళ్ళకి హార్లన్‌ని అడగమంటాను. నీ దగ్గరికి నేను రాను. రమ్మని నువ్వు పిలిచేదాకా రాను. నువ్వు కాల్చే ముందు ఊపిరి ఊదడం మర్చిపోకు. గాలి మధ్యాహ్నం పడమటి నుంచి తిరుగుతుంది.

రెండో కన్ను జూలైలో కోయించుకోమన్నారు. తీసుకెళ్ళేవాళ్ళు ఇప్పుడు లేరు. ఒక్క కన్నుకే ఇంత కనపడింది, రెండోదాని మీద పొర అలాగే ఉండనీ అనుకుంటున్నాను.

ఆల్వినా